నేను పోసిన నీలిమందు

పదకొండేళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతుంటే చేతికి ఎక్కడలేని తొందర వచ్చింది, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. ఆపితే మళ్ళీ రాయలేను. అందుకే ఆపను.

నాకు జరిగిన అవమానాలు నేను మరిచిపోను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, మొదట ఇది తెలియకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మాది గోదావరి వైపు. పోర్టులో గుమాస్తా ఉద్యోగం వచ్చి కంచరపాలెంలో పాత ఇల్లు కొన్నాను. పక్కింటి గురువులు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవాడు. చుట్టరికం లేకపోయినా మొదటిరోజు నుంచే నన్ను బావ అన్నాడు. వాళ్ళమ్మాయి పెళ్ళికి ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళితే, కూర్చోమనకుండా సాంబారు బకెట్టు నా చేతికిచ్చి వడ్డించమన్నాడు. పిలిచిన మనిషికి బకెట్టా? సొంతవాళ్ళనుకుంటేనే అలా ఇస్తారని తర్వాత ఎవరో చెప్పారు. కావచ్చు. నేను మాత్రం ఆ రోజు పెరుగన్నం తినకుండానే ఇంటికి వచ్చేశాను.

తర్వాతి ఏడాది వానాకాలంలో నా గోడ చెమ్మెక్కింది. వాసన. రెండిళ్ళ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉంది. రెండిళ్ళ మరుగుదొడ్ల గొట్టాలూ ఆ సందు కిందుగానే వీధి ఛాంబర్‌లోకి పోతాయి, రెండూ పాతకాలపు మట్టి గొట్టాలే. పగిలింది గురువులుదేనని నేను తేల్చేశాను. వార్డు ఆఫీసులో మూడు అర్జీలు పెట్టాను. పాల దుకాణం దగ్గర చెప్పాను, బస్సులో చెప్పాను. మూడు నెలలు చెప్పాను.

చివరికి పైడయ్య మేస్త్రీ వచ్చాడు. సందులో నా గోడ వారన గుంట తవ్వి, మర్నాటికి పరీక్ష చెప్పాడు. నా మరుగుదొడ్లో పసుపు నీళ్ళు, గురువులు దొడ్లో నీలిమందు నీళ్ళు పొయ్యాలి. గుంటలోకి ఏ రంగు ఊరితే ఆ ఇంటి గొట్టం పగిలినట్టు.

నాకు ముందురోజే అనుమానం వచ్చింది. నేను నీళ్ళు పోసిన ప్రతిసారీ ఆ గుంట నిండుతోంది. మూడు అర్జీలు రాసిన మనిషి ఇప్పుడేం చెయ్యాలి? పసుపు కలిపిన బకెట్టు పక్కన పెట్టాను. తెల్ల చొక్కాల కోసం అలమారలో ఉంచిన నీలిమందు తీశాను. కలిపాను. నా దొడ్లోనే పోశాను.

గుంట నీలంగా మారింది!

ఆ క్షణం నాకు కలిగిన ఆనందం ఎలా చెప్పను? వీధి వీధంతా సందు మొదట్లో నిలబడి చూస్తోంది. చూశారా, చూశారా అని నేను అరుస్తున్నాను. నా ఒళ్ళు పులకరించింది. అబద్ధమని తెలిసీ పులకరించింది. ఎవరైనా వెళ్ళి ఛాంబర్ మూత ఎత్తితే అందులో పసుపు జాడే లేదని తెలిసిపోయేది. ఎవరూ ఎత్తలేదు.

గురువులు గొట్టం వంటగది కిందుగా వస్తుంది. కొత్తగా వేయించుకున్న బండలు పగలగొట్టారు. గొట్టం కనబడగానే పైడయ్య తాపీ పిడితో కొట్టి చూశాడు. ఖంగుమంది. పగిలిన గొట్టం అలా మోగదు. అతను తల గోక్కుంటూ, "బాగానే ఉన్నాది కదేటి బాబూ," అన్నాడు. "రంగు నీ కళ్ళతో చూశావు కదయ్యా!" అని నేనే గదమాయించాను. అక్కడ ఆగవచ్చు. ఒక్క మాట చాలు. ఎందుకు ఆగలేదు? గెలుస్తున్నాను కాబట్టి. అంతకంటే కారణం వెతికినా దొరకదు.

పన్నెండు రోజులు వాళ్ళింట్లో దొడ్డి లేదు. గురువులు భార్య మహలక్ష్మికి మోకాళ్ళ నొప్పులు. మా ఇంట్లో వాడుకోవచ్చా అని అడిగితే, మా లైను పాతది, తట్టుకోదన్నాను. ఆమె వానలో గొడుగేసుకుని, గోడ పట్టుకుంటూ, వీధి చివర చెల్లెలింటికి నడిచేది. నేను కిటికీలోంచి చూశాను. ఆ పన్నెండు రోజులూ చూశాను.

వాళ్ళ పని అయ్యాక నాలుగు రోజులు పరవాడలో పెళ్ళికి వెళ్ళారు. నేను గోపాలపట్నం నుంచి వేరే మేస్త్రీని పిలిపించి నా గొట్టం తీయించి ప్లాస్టిక్ పైపు వేయించాను. మా ఆవిడతో ముందుజాగ్రత్తకని అన్నాను. సందులో మట్టి అప్పటికే తిరగేసి ఉంది, ఎవరికీ తేడా తెలియలేదు. గోడ ఆరసాగింది. ఊళ్ళోంచి వచ్చి గురువులు ఆ గోడ తడిమి చూశాడు. పెళ్ళి లడ్డూల పొట్లం తెచ్చి నా అరుగు మీద పెట్టాడు.

"నా గొట్టం వల్ల నీ గోడ పాడైపోనాది బావా. ఇన్నాళ్ళూ నువ్వు సెప్తంటే నాను ఇనలేదు. ఏటీ అనుకోకు."

"పోనీలే."

"పోనీలే అంటే కాదు. కోపం పోయిందని సెప్పు. మా ఆడది నీకు మొకం సూపించడానికి సిగ్గు పడతన్నాది."

"పోయిందిలే గురువులూ."

"అలాగన్నావు, బాగుంది! తిను మరి, ఓ లడ్డూ తిను నా ముందర."

తిన్నాను.

నేను మోస్తున్నది అదే. రంగు కంటే, వంటగది కంటే, ఆ క్షమాపణ బరువు. నాది కాని దాన్ని చేయి చాచి తీసుకున్నాను. పైగా పెద్దమనసు చేసుకున్నట్టు మొహం పెట్టాను. మహలక్ష్మి పోయి మూడేళ్ళయింది. నన్ను చూసినప్పుడల్లా కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయేది. చివరిదాకా ఆవిడే సిగ్గుపడింది.

ఈ ఉదయం భూగర్భ డ్రైనేజీ వాళ్ళు సందులో సున్నంతో గీతలు గీశారు. రేపు తవ్వుతారు. గురువులు కుర్చీ వేసుకుని దగ్గరుండి చూస్తాడు, నా పైపు కూడా చూస్తాడు. ఎప్పుడు మార్చావు బావా అంటాడు. పొద్దున్నుంచి రెండు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను, రెండూ నమ్మేలాగే ఉన్నాయి. నేనేం చెప్పినా అతను నమ్ముతాడు.

అందుకే తవ్వకం మొదలుకాకముందే మీకు రాస్తున్నాను. పగిలింది నా గొట్టం. గురువులు గొట్టానికి ఏమీ కాలేదు. మీకు రాసిన ఈ కాగితమే ఇంకాసేపట్లో సందు దాటి అతని చేతికి వెళుతుంది. చదివి నాతో మాట్లాడతాడో, కర్ర తీస్తాడో తెలియదు. మహలక్ష్మికైతే ఎటూ అందదు.

పెళ్ళిలో బకెట్టు ఇవ్వడం తప్పేనని ఇప్పటికీ అంటాను. అది వేరే సంగతి.

రాసేశాను! ఒక్క ముక్క కొట్టేయలేదు. మధ్యాహ్నం దాటిపోయింది, విపరీతంగా ఆకలేస్తోంది.