నాయన కంట్లో పన్నెండు డిగ్రీలు

నేను మొహం గంటు పెట్టుకోని పని చేస్తానని ఆస్పత్రిలో అందరూ అంటారు. అననీ. కంటికి సిరా చుక్కలు పెట్టేటప్పుడు నేను ఎవురితోనూ మాట్లాడను. ఎందుకు మాట్లాడనో ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు.

అనంతపురంలో ఒక కంటి ఆస్పత్రిలో టెక్నీషియన్ని నేను. శుక్లం ఆపరేషన్ అయినోళ్లకు లోపల పెట్టిన లెన్స్ పెట్టినచోటే ఉండాదా, పక్కకు తిరిగినాదా అని కొలిచేది నా పని. ఈ కొలత అందరికీ అక్కరలేదు. కొందరి నల్లగుడ్డు పైపొర సమంగా గుండ్రంగా ఉండదు, ఒక పక్కకు లాగినట్టు ఉంటాది. వాళ్లకు పెట్టే లెన్స్ ఒక వాలులోనే కూచోవల్ల. నాలుగైదు డిగ్రీలు అటూఇటూ అయితే ఓర్చుకోవచ్చు. పది దాటితే ఆ లెన్స్ చేసే మేలులో మూడో వంతు పోయినట్టే.

నాయన తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలో రాళ్లు కోసేవాడు. ముప్పై ఏండ్లు అదే మిషన్. దాని మోతకు ఎడమ చెవి పోయింది. పెచ్చు ఎగిరొచ్చి తగిలి ఎడమ కన్ను పోయింది. "ఎడమ పక్కంతా ఫ్యాక్టరీకి రాసిచ్చినా, కుడి పక్క మీయమ్మకు" అని నవ్వేవాడు. ఆ మిగిలిన కుడికంటికి శుక్లం కమ్మింది. గీత గీసి రాయి కోసే మనిషికి ఆ గీతే కనపడకపోతే ఇంక ఏముండాది? ఓనరు మంచోడే. "ఆపరేషన్ చేయించుకోని రాప్పా, నీ మిషన్ నీకే" అన్నాడు. నాయన నల్లగుడ్డు కూడా ఒక పక్కకు లాగిందే, మామూలు లెన్స్ పెడితే అద్దాలు తప్పవు. అద్దాలు పెట్టుకుంటే రాతిబురద చిల్లి రెండు నిమిషాల్లో మూసుకపోతాయి. అందుకే ఈ లెన్సే పెట్టిద్దామని నేనే పట్టుబట్టినాను.

ఆపరేషన్‌కు ముందర మనిషిని నిటారుగా కూచోబెట్టి, తెల్లగుడ్డు అంచున అటొక సిరా చుక్క ఇటొక సిరా చుక్క పెడతాం. పండుకుంటే కన్ను కొంచెం తిరుగుతాది, అందుకని కూచున్నప్పుడే గుర్తు పెట్టల్ల. ఆ చుక్కల్ని బట్టే డాక్టరు లెన్స్ వాలు సరిచేస్తాడు. "మా నాయనకు నేనే పెడతా సార్" అని అడిగి మరీ పెట్టినాను. నాయన కుర్చీ అంచు గట్టిగా పట్టుకోని కూచున్యాడు. భయం పోగొడదామని నేను మాట్లాడతానే ఉండాను.

"నాయనా, చీమ కుట్టినంత కూడా ఉండదు. రేపు నా మొహం మీద మొటిమలు కూడా కనపడతాయి చూడు."

"అవి ఇప్పుడే కనపడతాండాయిలేమ్మా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్యాం. చుక్కలు పెట్టేసినాను.

వారానికి మళ్లా వచ్చినాడు. "గీత పక్కన ఇంకో గీత కనపడతాందమ్మా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మందు చుక్కలేసి, మిషన్ ముందర కూచోబెట్టి, సన్నని వెలుతురు గీతను లెన్స్ మీది గుర్తుల మీదికి తిప్పి చూసినాను. ఎనభై దగ్గర ఉండాల్సింది తొంభై రెండు దగ్గర ఉండాది. పన్నెండు డిగ్రీలు.

ఒళ్లు మండిపోయింది నాకు. ఆపరేషన్ చేసిన పెద్దసారు ఉండాడు, వరసలో జనం ఉండారు, ఎవుర్నీ చూడలేదు. "కన్ను రుద్దుకోవద్దని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది కదా! చిన్నపిల్లోనివా నువ్వు?" అని అరిచినాను.

నాయన తల దించుకున్యాడు. "అవునమ్మా. నిద్దట్లో రుద్దుకున్యా. తప్పు నాదే."

మళ్లీ లోపలికి పోయి లెన్స్ తిప్పి సరిచేయచ్చు అన్నాడు పెద్దసారు. నాయన వద్దన్నాడు. ఉండేది ఒక్క కన్ను, మళ్లీ కత్తి వద్దు సార్ అన్నాడు. నేనన్నా కాళ్లావేళ్లా పడల్ల కదా? "నీ ఖర్మ" అన్నాను. ఆ మాట అన్న నోటితోనే ఇయ్యాల అన్నం తింటాండాను.

అద్దాలు పెట్టుకోని పనికి పోయినాడు. తుడుచుకుంటా తుడుచుకుంటా కోసినాడు. ఒక దినం బండలన్నీ వంకరపోయినాయి. ఓనరు ఏమీ అనలేదంట, మిషన్ మీద ఇంకొకన్ని పెట్టినాడంట. నాయన ఇంట్లో కూచున్యాడు. ఐదు నెలలకు గుండెపోటు వచ్చింది. అనంతపురం తెచ్చేలోపల అంబులెన్సులోనే పోయినాడు.

దినాలు అయినాక పనికొచ్చినాను. రోగులు లేని ఒక పొద్దు, ఏం బుద్ధి పుట్టిందో, నాయన ఫైలు తీసినాను. ఆపరేషన్ అయిపోతానే తీసిన ఫోటో, నేను కొలిచిన దినం తీసిన ఫోటో పక్కపక్కన పెట్టి చూసినాను. తెల్లగుడ్డు మీద ఎర్రనరాలు చోటు మారవు. మొదటి ఫోటోలో లెన్స్ గుర్తు ఒక చీలిన నరానికి ఎదురుగా ఉండాది. రెండోదాంట్లోనూ ఆడనే ఉండాది. ఎంట్రుకవాసి కదల్లేదు.

లెన్స్ తిరగనే లేదు. నేను పెట్టిన చుక్కలే వంకర.

ఎట్ల వంకరపోయినాయో నాకు ఎవురూ చెప్పాల్సిన పని లేదు. ఎవురు మాట్లాడినా నాయన తల పక్కకు వంచి కుడి చెవి వాళ్లకు ఇచ్చేవాడు. పుట్టినప్పటి నుంచి నేను చూసిన నాయన మొహం అదే, నా కంటికి అదే నిటారు. చుక్కలు పెట్టేటప్పుడు నేను మాట్లాడతాండాను, నాయన తల వంచి వింటాండాడు, తలతో పాటు చుక్కలూ ఒరిగినాయి. కొలిచిన దినం నా నోరు పడిపోయింది, తల తిన్నగా ఉండాది. అయ్యో, చుక్కలు పెట్టిన దినం నోరు మూసుకోనుంటే ఎంత బాగుండు!

ఆదివారం ఊరికి పోయినాను. అమ్మ చెనక్కాయలు వలుస్తాంది. "అమ్మా, నాయన నిజంగా కన్ను రుద్దుకున్యాడా?" అని అడిగినాను.

"యాడ రుద్దుకుంటాడు? రెండు చేతులూ టవల్‌తో మంచానికి కట్టిచ్చుకోని పండుకునేవాడు. కట్టింది నేనే."

"మరి అందరి ముందర ఎందుకట్ల చెప్పినాడు?"

"బండ వంకరపోతే ముందు గీత గీసినోన్నే పట్టుకుంటారు, చుక్కలు పెట్టింది పాప, దానికి మాట రాకూడదు అన్నాడు. నీకు చెప్పద్దని నాతో ఒట్టు వేయించుకున్యాడు."

నేను ఏడుస్తాంటే అమ్మ చేతిలో కాయలు చాటలో వేసి నా తల నిమిరింది. మళ్లా తనే అనింది: "నీతో తిట్లు తినొచ్చిన దినం కూడా చేతులు చాపినాడే. ఇంక ఎందుకయ్యా అంటే, పాప రుద్దుకోవద్దనింది కదా, కట్టేయ్ అన్నాడు."