పిచ్చుక వాళ్లమ్మకు ఇచ్చిన ఉద్యోగం

మా పక్కింట్లో ఉండేది ఫుట్‌బాల్ క్లబ్బు సెక్రటరీ. వయసులో ఉండగా ఆయన గోల్‌కీపరు. బంతి ఆయన్ని దాటిపోవడం కష్టమని అందరూ గోడ అనేవాళ్లు. మోకాలు విరిగి ఆట పోయింది కానీ ఆ పేరు పోలేదు. కట్టుకున్న భార్య కూడా "మా గోడ ఇంకా ఇంటికి రాలేదండీ" అంటుంది. నేను మాత్రం తమ్ముడూ అని పిలుస్తాను.

ఆటగాళ్ల జీతాలు చూసేది ఆయనే. ఆ క్లబ్బులో ఒక నియమం ఉంది. జట్టులో అందరికన్నా ఎక్కువ జీతం అందరికన్నా తక్కువ జీతానికి మూడు రెట్లు దాటకూడదు. అది పట్టుబట్టి పెట్టించింది గోడే. ఆయన ఆడే రోజుల్లో ఒక స్టారు ఆటగాణ్ని నిలుపుకోవడానికి క్లబ్బు ఉన్నదంతా ఊడ్చి అతని చేతిలో పోసింది. మిగతావాళ్లకు నెలల తరబడి జీతాలు లేవు. గోడ మోకాలికి వైద్యం ఆలస్యమైందీ అప్పుడే. ఈ సంగతి ఆయన నోటివెంట రాదు. వాళ్లావిడ దగ్గర కూర్చుని కూర్చుని నేను రాబట్టాను.

ఇప్పటి స్టారు, అందరూ పిచ్చుక అని పిలిచే కుర్రాడు. పిడికెడు మనిషి, కానీ బంతి కాలికి అతుక్కుపోయినట్టు తిరుగుతుంది. అతను వచ్చాకే బెంచీలు నిండటం మొదలైంది. పెద్ద నగరంలోని క్లబ్బు ఒకటి నాలుగు రెట్ల జీతం ఇస్తానని కబురు పెట్టింది. ఒప్పందం ఉండగా ఇప్పుడే వదిలితే వాళ్ల నుంచి మా క్లబ్బుకు మంచి సొమ్ము ముడుతుంది. ఒప్పందం ముగిసేదాకా పట్టుకుంటే అతను ఊరికే వెళ్లిపోతాడు, పైసా రాదు.

"జీతం పెంచి ఉంచుకోవచ్చుగా తమ్ముడూ?" అని అడిగాను ఒకరోజు, పిట్టగోడ మీద బట్టలు ఆరేస్తూ.

"వాడికి పెంచితే అడుగునున్నవాడికీ పెంచాలక్కా. మధ్యలోవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారా? ఒక్కడికి చొక్కా కొనబోయి ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టించినట్టవుతుంది."

"అయితే టికెట్టు పెంచండి."

"పెంచితే నువ్వు కొంటావా?"

"నాకెందుకు, డాబా మీంచి బాగానే కనిపిస్తుంది."

"అదీ సంగతి," అన్నాడు గోడ.

క్లబ్బు ప్రెసిడెంటుకు కలప డిపో ఉంది. కిటుకు కనిపెట్టింది ఆయనే. నియమం ఆటగాళ్లకే కానీ బట్టలుతికేవాళ్లకు కాదు కదా అన్నాడు. పిచ్చుక వాళ్లమ్మను లాండ్రీ గదికి పెద్దగా వేసి, కొడుక్కి ఇవ్వలేనిది తల్లికి జీతంగా ఇస్తే సరి. గోడ రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాడు. చివరికి సంతకం పెట్టాడు. పిచ్చుక ఆట మీద మమకారం ఆయనకు మాత్రం లేదా?

అందరూ కలిసి మరిచిపోయింది ఒకటే. అది కాగితం మీది ఉద్యోగమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కొంగు నడుముకు బిగించి పనిలోకి దిగింది. బెంచీల వెనక ఇరుకు గది, బురద పట్టిన మేజోళ్ల గుట్ట, మూలుగుతూ తిరిగే పాత మిషన్లు. అప్పటిదాకా అక్కడ ఒక ముసలాయన ఒక్కడే ఉతికేవాడు. చూడకపోతే నాకు అన్నం సయించదు కాబట్టి నేనూ వెళ్లాను. ఆవిడ జట్టు కెప్టెన్ని గుమ్మంలో నిలబెట్టి కడిగేస్తోంది.

"మేజోళ్లు తిరగేసి పారేస్తే సరిచేసేదెవరు నాయనా? మీ ఆవిడ వస్తుందా?"

"రేపట్నుంచి చూసి వేస్తానమ్మా."

"రేపు కాదు. ఇప్పుడు ఇవన్నీ తీసి సరిగ్గా పెట్టు."

కోచ్ అంటే లేని భయం జట్టుకు ఆవిడంటే వచ్చేసింది. గది అద్దంలా తయారైంది. అంతా బాగుందనుకుంటుండగా ముసలాయన మాటల్లో మాటగా జీతమెంతని అడిగాడు. ఆవిడ దాచకుండా చెప్పింది. ఆయన చేతిలో సబ్బు జారిపోయింది.

ఆ మాట ఊరంతా పాకి, ఆ వారంలోనే గోడ ఆఫీసు గది ఉద్యోగాలడిగే ఆటగాళ్ల తల్లులతో నిండిపోయింది. కెప్టెన్ అత్తగారైతే ఇస్త్రీపెట్టెతో సహా దిగింది. "మా అల్లుడు గోల్స్ తక్కువే వేస్తాడు, ఒప్పుకుంటాను. నా ఇస్త్రీ చూడండి ఒకసారి," అంది. ప్రెసిడెంటు డిపోలో కలప లెక్కలున్నాయని అటే ఉండిపోయాడు. గోడ అందరికీ టీ ఇప్పించి, నవ్వించి పంపించాడు.

చివర్లో రెండో గోల్‌కీపరు వచ్చాడు. జట్టులో అడుగు జీతం అతనిదే. తలుపు దగ్గరే నిలబడి, "మా అమ్మ పోయింది సార్. నాకేమిస్తారు?" అని అడిగాడు. వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

ఆ సాయంత్రమే గోడ మా గుమ్మంలోకి వచ్చి, "పిచ్చుక ఇంటికి వెళ్లాలి, తోడు రా అక్కా. వాళ్లమ్మతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు," అన్నాడు.

ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, ఉద్యోగం తీసేస్తున్నామని వినగానే అడిగింది. "నేను సరిగ్గా ఉతకలేదా?"

"మీ అంత బాగా ఎవరూ ఉతకలేదమ్మా."

"మరి?"

"ఆ జీతం ఉతికినందుకు కాదు. మీవాణ్ని కదలకుండా ఉంచడానికి."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు. "నీకు తెలుసా?" అంది. అతను ఊఁ అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్లి లాండ్రీ గది తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నన్ను ఉండమని మీరు ఒక్కసారి కూడా అడగలేదు సార్," అన్నాడు పిచ్చుక.

"అడిగితే ఉండేవాడివా?"

"తెలీదు. ఉండేవాణ్నేమో."

"అందుకే అడగలేదు. నువ్వు ఆడగలిగేది కొన్నేళ్లే. ఆ సంపాదన నీది. దానికి అడ్డం పడి, ఆ బరువు తీసుకెళ్లి మిగతావాళ్ల మీద వేసే హక్కు నాకు లేదు."

నెల తిరక్కుండా పిచ్చుకను ఆ నగరం క్లబ్బుకు అమ్మారు. వచ్చిన సొమ్ములో కొంత అడుగు జీతాలకూ, లాండ్రీ ముసలాయనకూ పోయింది. మిగిలింది పక్కన పెట్టారు. పిచ్చుక వెళ్లాక జరిగిన మొదటి ఆటలో మావాళ్లు చిత్తుగా ఓడారు. సగం బెంచీలు ఖాళీ. బయటికి వెళుతూ ఒకాయన గోడ మొహం మీదే, "బంగారంలాంటి కుర్రాణ్ని అమ్ముకున్నావు," అన్నాడు.

"అవును, అమ్మాను," అన్నాడు గోడ. రెండో గోల్‌కీపరు గ్లవ్స్ విప్పుకుంటూ వస్తుంటే ఎదురెళ్లి, ఎడమ పక్కకు దూకడంలో ఎక్కడ ఆలస్యమవుతోందో చెబుతూ లోపలికి నడిచాడు.