జిప్పక్క నొక్కిన బెల్లు

బస్ స్టేషన్ పడమటి గేటు దగ్గర ఆడవాళ్ల సోదా గదిలో పనిచేసే ఆవిడని అందరూ జిప్పక్క అనేవారు. గదంటే పెద్దదేం కాదు. మూడువైపులా రేకులు, నాలుగోవైపు ముదురు నీలం తెర, లోపల ఒక బల్ల, ఒక స్టూలు, చేతికందే ఎత్తులో ఎర్ర బెల్లు. రోజుకి ఆరేడువందల సంచులు ఆ బల్ల ఎక్కి దిగేవి. వాటిలో సగానికి జిప్పులు సరిగ్గా పడవు. అందుకని ఆవిడ జేబులో ఎప్పుడూ ఒక కొవ్వొత్తి ముక్క ఉండేది. బాంబు కోసం వెతికిన చేతులతోనే మొరాయించిన జిప్పుకి మైనం రుద్ది, రెండుసార్లు ముందుకీ వెనక్కీ లాగి, "ఇక మీ ఆడపడుచు కన్నా చెప్పినమాట వింటుంది" అని సంచి చేతికిచ్చేది. బస్సు తప్పిపోతుందన్న కంగారులో ఉన్నవాళ్లు కూడా నవ్వేసి వెళ్లేవారు.

ఆ గది పుట్టిందే ఒక పేలుడు వల్ల. మూడేళ్ల కిందట నాలుగో ప్లాట్‌ఫారం మీద ఎవరో వదిలేసిన సంచి పేలి పంతొమ్మిదిమంది పోయారు. వాళ్లలో ఒకతె జిప్పక్క స్నేహితురాలు, టికెట్ల కౌంటరులో పనిచేసేది. ఇద్దరూ ఒకే మిషను మీద వంతులు వేసుకుని కుట్టు నేర్చుకున్నవాళ్లు. సోదాకి ఆడవాళ్లు కావాలని నోటీసు పెట్టగానే జిప్పక్క కుట్టుపని మానేసి ఇందులో చేరింది. తలకి చుట్టుకున్న గుడ్డ మీదే యూనిఫారం టోపీ పెట్టుకోవచ్చా అని అడిగితే, గేటు సూపర్వైజరు "టోపీ నిలబడితే చాలమ్మా" అన్నాడు. ఆయన సైన్యంలో ముప్ఫై ఏళ్లు వంటవాడిగా చేసి వచ్చినవాడు. అయినా మీసం చూసి అందరూ మేజరు గారనేవారు. ఆయనా కాదనేవాడు కాదు.

జిప్పక్క మొగుడు వాషింగ్ మెషీన్ల మెకానిక్. పది ప్రశ్నలకి ఒక జవాబిచ్చే మనిషి. కానీ మెషీన్ సంగతి ఎత్తితే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అన్నం తింటూ కూడా పక్కన పాత టైమరు విప్పి పెట్టుకుని, ఏ పళ్లచక్రం ఏం చేస్తుందో, ఏ వైరు ఎటు పోతుందో చెప్పుకుపోయేవాడు. ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఊఁ కొడుతూనే ఉంది. "ఇన్నాళ్లు విన్నందుకు నాకూ ఒక సర్టిఫికెట్టు పారెయ్యండి" అనేది అప్పుడప్పుడు.

ఆ ఏడాది ఎండాకాలంలో బట్టల మార్కెట్లో ఇంకో బాంబు పేలింది. మూడోరోజు పొద్దున్నే పోలీసులు జిప్పక్క వాళ్ల వీధిలో నాలుగిళ్లు సోదా చేశారు. నాలుగూ నమాజు చేసేవాళ్ల ఇళ్లే. మెకానిక్ అలమరలో పదకొండు టైమర్లు, చుట్టలు చుట్టలుగా వైర్లు దొరికాయి. "ఇవేంటి?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి, అడిగింది మెషీన్ గురించి కాబట్టి, ఉత్సాహంగా అరగంట చెప్పాడు. టైమర్ల గురించి ఇంత తెలిసినవాడా అని జీపెక్కించారు.

జిప్పక్క ఆ రోజు కూడా డ్యూటీకి వచ్చింది. మేజరు బల్ల దగ్గరకి వచ్చి మెల్లగా అన్నాడు.

"సెలవు తీసుకో తల్లీ. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఇవాళ నేను రాకపోతే రేపు నన్ను రానివ్వరు మేజరు గారూ."

ఆ మాట నిజమే. కబురు అప్పటికే గేటు దాటి వచ్చేసింది. ఎప్పుడూ వచ్చే ఆడవాళ్లు పక్క గేటు వైపు వరస కట్టారు. ఒకావిడ తెర దాకా వచ్చి, "ఈవిడ నా సంచి ముట్టుకోవడానికి వీల్లేదు. ముందు ఈవిడ్ని ఎవరు సోదా చేస్తారు?" అంది. జిప్పక్క మొహం మాడ్చుకోలేదు. "పొద్దున్నే చేశారండీ, మూడుసార్లు" అంది. ఆవిడ వెళ్లిపోయాక మాత్రం స్టూలు మీద కూర్చుని చాలాసేపు చేతులు చూసుకుంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదికల్లా మేజరు భార్య సంచి పట్టుకుని జిప్పక్క తెర ముందు నిలబడింది. ఎత్తుకి ఎత్తు, లావుకి లావు, నోరు ఇంకా పెద్దది. "నా సంచి చూడవే" అని గేటంతా వినబడేట్టు అరిచింది.

"ఎక్కడికి పిన్నీ ప్రయాణం?"

"ఎక్కడికీ లేదు. ఆయన వెళ్లమన్నాడు, వచ్చాను. చూడు, దువ్వెన కూడా వదలకు."

చూపించుకుని, పావుగంట కూర్చుని, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పి ఇంటికి వెళ్లింది. ఆ మర్నాడూ వచ్చింది, ఆ తర్వాతా వచ్చింది. నాలుగోరోజుకి ఆవిడ వెనక ఇద్దరు నిలబడ్డారు. వారం తిరిగేసరికి వరస మళ్లీ మామూలుగా అయింది.

ఎనిమిదోరోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. పక్క ఊళ్లో కొత్తగా చేరిన స్కూలు టీచరు. తలకి గుడ్డ, చేతిలో పుస్తకాల సంచి. పుస్తకాల కింద తువ్వాల్లో చుట్టిన డబ్బా, దాన్నుంచి వేలాడే వైర్లు. విప్పకముందే జిప్పక్కకి అది వాషింగ్ మెషీన్ టైమరని తెలిసిపోయింది.

"మా అద్దింటి మెషీన్‌దక్కా. రిపేరుకి తీసుకెళ్తున్నా" అంది అమ్మాయి. జిప్పక్క చెయ్యి బెల్లు వైపు కదలడం చూసి గొంతు తగ్గించింది. "మీరూ మనవాళ్లే కదా. ఆ బెల్లు నొక్కితే నన్నేం చేస్తారో మీకు తెలీదా?"

తెలుసు. ఎనిమిదిరోజులుగా ఇంట్లో ఒంటరిగా అన్నం తింటున్న మనిషికి తెలియకేం. కానీ నాలుగో ప్లాట్‌ఫారం కూడా తెలుసు. వైర్లూ టైమరూ కనబడితే నొక్కి తీరాలన్నది రూలు. తనకి తెలుసు కదా అని ఇవాళ వదిలేస్తే, తెలియనిది వచ్చిన రోజు చెయ్యి అలవాటుగా వదిలేస్తుంది. జిప్పక్క బెల్లు నొక్కింది. రెండో చేత్తో అమ్మాయి మణికట్టు పట్టుకుంది.

"భయపడకు. నీతో నేనూ వస్తా."

కానిస్టేబుల్ కుదరదన్నాడు. "మీ డ్యూటీ ఇక్కడే."

"వెళ్లనివ్వండి" అన్నాడు మేజరు. "తెర దగ్గర ఇంకొకరిని నేను పెడతా."

బస్ స్టేషన్ పోలీసు ఔట్‌పోస్టులో కూర్చున్నది మెకానిక్‌ని జీపెక్కించిన ఆ ఇన్‌స్పెక్టరే. బాంబుల స్క్వాడ్ వాళ్లు డబ్బాని దూరంగా పెట్టి పరీక్ష చేసి, పేలేది కాదని తేల్చారు. అయినా ప్రశ్నలు ఆగలేదు. ఎవరిచ్చారు, ఎందుకు తువ్వాల్లో చుట్టావు, ఫోన్ ఇలా ఇవ్వు. అమ్మాయికి ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు జిప్పక్క డబ్బా చేతిలోకి తీసుకుంది.

"ఒక్కసారి ఈ మీట తిప్పి చూడండి సార్. సగానికొచ్చి జారుతోంది కదా. లోపల పళ్లచక్రం అరిగిపోయింది. నీళ్లు నిండాక మెషీన్ అక్కడే ఆగిపోతుంది. ఇంటివాళ్లకి ఫోన్ చేసి, మీ మెషీన్ ఎక్కడ ఆగుతోందని అడగండి. ఈ అమ్మాయి చెప్పకముందే అదే చెబుతారు."

ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు. ఇంటావిడ అదే చెప్పింది, పైగా రిపేరు ఆలస్యమైందని కాసేపు విసుక్కుంది. ఆయన ఫోన్ పెట్టేసి జిప్పక్క వైపు చూశాడు.

"ఇదంతా మీకెలా తెలుసు?"

"మా ఆయన చెబుతుంటాడు సార్. రోజూ అన్నం దగ్గర. మీకూ చెప్పే ఉంటాడు."

గంటలో అమ్మాయిని పంపేశారు. ఆ మర్నాడు సాయంత్రం మెకానిక్‌ని కూడా పంపేశారు. బాంబు పెట్టిన అసలువాళ్లు వేరే ఊళ్లో దొరకబట్టో, జిప్పక్క మాట పనిచెయ్యబట్టో, ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చిన మనిషి సగమయ్యాడు. వారం రోజులు స్క్రూడ్రైవరు ముట్టుకోలేదు. ఎవరు తలుపు తట్టినా ఉలిక్కిపడేవాడు. జిప్పక్క ఏమీ అడగకుండా పక్కన కూర్చునేది. ఒకరోజు తనే టీచరమ్మాయి సంగతి మొదట్నుంచీ చెప్పింది.

"బెల్లు నొక్కావా?" అన్నాడు.

"నొక్కాను. తప్పు చేశానంటారా?"

"లేదు. నేనైనా నొక్కమనేవాణ్నే." అన్నాడాయన. "కానీ నువ్వు ఆ అమ్మాయితో వెళ్లావు. నాకు అక్కడ అట్లా కూర్చునేవాళ్లు ఎవరూ లేరు."

ఇరవై రెండేళ్లలో ఆయన తన గురించి అన్న అతి పెద్ద మాట అదే. జిప్పక్క ఆయన తల దగ్గరికి లాక్కుని జుట్టు నిమిరింది. ఇద్దరూ కలిసి ఏడ్చారు.

నెల తిరిగేసరికి ఆయన మళ్లీ పనిలోకి దిగాడు. ఇదివరకు పిలిచే ఇళ్లలో కొన్ని పిలవడం మానేశాయి, కొన్ని పిలిచాయి. జిప్పక్క అదే గేటు దగ్గర ఇంకా పనిచేస్తోంది. కొత్తగా చేరిన ఆడవాళ్లకి సోదా ఎలా చెయ్యాలో నేర్పేది ఇప్పుడు ఆవిడే. సంచి ఎలా తడమాలి, అడుగున కుట్టు ఎలా చూడాలి, అన్నీ చెప్పి, చివర్లో తన సొంత రూలు ఒకటి చెబుతుంది. అది ఏ కాగితం మీదా లేదు. మేజరు కాదనలేదు కాబట్టి నడిచిపోతోంది.

"అనుమానం వస్తే బెల్లు నొక్కండి. మొహమాటపడొద్దు. కానీ నొక్కినవాళ్లు ఆ మనిషి పక్కనే కూర్చోవాలి, తేలేదాకా."