ఏసేపు చిన్నాయన దాటవేసిన వాక్యం

ఇంగ్లీషు చెప్పడం నా ఉద్యోగం. కర్నూలు పక్కన కల్లూరులో ఒక ప్రైవేటు బడిలో పెద్ద తరగతులన్నిటికీ నేనే చెబుతాను. పిల్లలతో వేగి వేగి సాయంత్రానికి ఇంట్లోవాళ్ళతో మాట్లాడే ఓపిక కూడా మిగలదు. అలాంటి వేళ మా వీధిలోనే ఉండే ఏసేపు చిన్నాయన వచ్చి, "జీవితమ్మా, నాకు ఇంగ్లీషు నేర్పియ్యల్ల" అన్నాడు. యాభైకి దగ్గరపడ్డ మనిషి. సొంత చిన్నాయన కాదు, మా చర్చివాడు, వరస అంతే. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

చిన్నాయన ట్యాంకర్ డ్రైవరు. ఊరి బయట ఫ్యాక్టరీలో యాసిడ్ నింపుకుని కడప వైపు ఇంకో ఫ్యాక్టరీలో దించి వస్తాడు. మోసేది యాసిడ్ అని నాకూ ఆ రోజే చెప్పాడు. ఆ దించే చోటికి కొత్తగా ఒక సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. ట్యాంకర్ మీద ఉన్న ఇంగ్లీషు రాతలు డ్రైవర్లు చదవాలి, అడిగినదానికి ‘హజార్డస్’ అనే మాట పెట్టి సొంతంగా వాక్యాలు చెప్పాలి, చెప్పలేనివాళ్ళు బండి దిగాలి అని పట్టుబట్టాడు.

"ఆయప్పకు ఏం తిక్క పట్టిందో! ఇన్నేండ్లలో ఒక్క చుక్క కింద పడనీలేదు నేను" అని చిన్నాయన మండిపడ్డాడు. నాకైతే ఆఫీసరు తప్పేమీ కనిపించలేదు. బండి మీద ఏం రాసుందో తెలియకుండా నడిపే మనిషి వెనక నేను స్కూటీ నడపను. ఆ మాట అతని మొహం మీదే అన్నాను.

చదువు వాళ్ళింటి వసారాలో మొదలైంది. హజార్డస్ అంటే ప్రమాదకరమైనది అని చెప్పాను. "హజార్డస్ ఈజ్ రోడ్" అన్నాడు. రోడ్డును ముందు పెట్టు చిన్నాయనా, అది ఎట్లాంటిదో తర్వాత చెప్పు అన్నాను. రెండు మూడు రోజులకు దారిలో పడ్డాడు. "దిస్ ఘాట్ రోడ్ ఈజ్ హజార్డస్. ఇట్ ఈజ్ హజార్డస్ టు డ్రైవ్ వితౌట్ స్లీప్." చర్చి మనిషి కదా, బైబిలు వాక్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఒకసారి చివర్లో ఆమెన్ కూడా అన్నాడు.

అతని భార్య కృపమణి చిన్నమ్మ మా చర్చిలో సండే స్కూలు టీచరు. ఆమె దగ్గర ఏ పిల్లయినా కంఠత వాక్యం చెప్పి, దాని భావం సొంత మాటల్లో చెప్పాలి. భావం రాకపోతే బిస్కెట్ లేదు. చిన్నప్పుడు అట్లా నేను పోగొట్టుకున్న బిస్కెట్లకు లెక్క లేదు. మొగుడు చదువుతుంటే ఆమె ఊరుకుంటుందా? లోపల జొన్నరొట్టెలు తడుతూ, వాక్యం పూర్తికాగానే "భావం?" అని కేకేసేది. అతను చెప్పేవాడు. ఆమెకు నచ్చితేనే తరువాతి వాక్యం.

ఒక రోజు, "ఐ క్యారీ హజార్డస్ గూడ్స్" అనమన్నాను. ఆఫీసరు మొదట అడిగేది అదే కదా, నువ్వేం మోస్తావు అని. చిన్నాయన వంటింటి వైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. "అది నిదానంగా చూసుకుందాంలే" అన్నాడు.

నేను బయలుదేరితే గేటు దాకా వచ్చి సంగతి చెప్పాడు. చిన్నమ్మ తండ్రి ఓబన్న బావులు తవ్వేవాడట. రాయి పగలగొట్టడానికి పెట్టబోయిన మందు చేతిలోనే పేలి చనిపోయాడు. పెళ్ళిచూపులనాడే ఈమె, ప్రాణం మీదికి తెచ్చే పని చేసేవాణ్ణి చేసుకోనంది. అప్పుడు చిన్నాయన ట్రాక్టరు తోలేవాడు. తర్వాత ట్యాంకర్ ఎక్కాడు. ఏం మోస్తావని ఆమె అడిగితే, నీళ్ళు శుభ్రం చేసే మందు అన్నాడు. అదే మాట మీద ఇన్నేళ్ళు కాపురం నడిచింది. డ్యూటీ బట్టలు కూడా ఫ్యాక్టరీలోనే విడిచి వస్తాడట.

"ఆ వాక్యం చెబితే భావం అడుగుతాది గదమ్మా" అన్నాడు.

ఇక పరీక్షనాడు ఏమయిందో చెప్పనక్కరలేదు. ఆఫీసరు ఆ ప్రశ్నే అడిగాడు. చిన్నాయన ఘాట్ రోడ్డు గురించీ నిద్ర గురించీ చెప్పాడు కానీ, ఇంట్లో ఒక్కసారీ పలికి చూడని ఆ వాక్యం, తాను మోసేది ఏమిటో చెప్పేది, నోటికి రాలేదు. వచ్చే రెండో శనివారం ఇంకొక్కసారి చూస్తానని, అప్పుడూ రాకపోతే బండి దిగాల్సిందేనని ఆఫీసరు పంపేశాడు. నాకు ఒళ్ళు మండింది. "చిన్నమ్మకు నువ్వే చెప్పు. రేపు చెప్పకపోతే ఇక నేను రాను" అన్నాను.

మరునాటి సాయంత్రం చిన్నాయన చేతులు కట్టుకోలేదు, కళ్ళు మూసుకోలేదు. "ఐ క్యారీ హజార్డస్ గూడ్స్" అన్నాడు, మెల్లగా.

"భావం?" అంది లోపలినుంచి చిన్నమ్మ.

"నేను మోసేది యాసిడ్డు, కృపా. మీద పడితే మనిషి మిగలడు."

చిన్నమ్మ బయటికి వచ్చింది. చేతులకు పిండి ఉంది. "ఎప్పటి నుంచి?"

"ట్యాంకర్ ఎక్కినప్పటి నుంచీ."

"ఆదివారమాదివారం చర్చిలో నిలబడి, మా ఇంటాయన మోకాళ్ళ నొప్పి కోసరం ప్రార్థన చేయండి, బండి టైర్ల కోసరం చేయండి అని అడుక్కుంటాంటినే! దేవుని ముందర నన్ను తిక్కదాన్ని చేస్తివి గదా!"

"నువ్వు భయపడతావని..."

"భయపడేది నా పని. అది గూడా నువ్వే చేస్తే ఈ ఇంట్లో నేనెందుకు?"

పెనం మీద రొట్టె మాడిపోయింది. నేనే లోపలికి వెళ్ళి పొయ్యి ఆపాను. రెండో శనివారం దాకా ఉన్న నాలుగు రోజులూ ఆమె అతనితో మాట్లాడలేదు. వాక్యాలు మాత్రం అప్పజెప్పించుకుంది.

రెండో శనివారం మా బడికి సెలవు. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. చిన్నాయన బయలుదేరే ముందు అలవాటు ప్రకారం తల వంచి నిలబడ్డాడు. చిన్నమ్మ కదల్లేదు.

"ప్రార్థన చేయవా?" అన్నాడు.

"ఏమని అడగల్ల? పాసు చేయమంటే మళ్ళా ఆ బండే ఎక్కుతావు. పాసు చేయొద్దంటే కూడు పోతాది. ఏది అడగల్నో నువ్వే చెప్పు."

చిన్నాయన తల ఎత్తి చెప్పులు తొడుక్కున్నాడు. అట్లాగే వెళ్ళిపోయాడు. నాకు ఇద్దరి మీదా జాలేసింది. ఆ వాక్యం నేర్చుకోమని పోరింది నేనే కదా.

మధ్యాహ్నం ఫోను మోగింది. చిన్నమ్మ స్పీకర్ ఆన్ చేసింది.

"పాసయినా" అన్నాడు చిన్నాయన. "ఏం మోస్తావంటే, ఐ క్యారీ హజార్డస్ గూడ్స్ అన్న్యా. దాని ఎనకాలే, మై వైఫ్ నోస్, నీకు తెలుసని గూడా అన్న్యా. అది నేను అడగలేదు గదా అన్నాడు ఆయప్ప. అయినా సరే, చెప్పల్లనిపించింది సార్ అన్న్యా."

చిన్నమ్మ ఫోను నోటి దగ్గరికి తీసుకుంది. "ట్యాంకర్ ఖాళీ అయిందా?"

"ఇంకా లేదు. ఇప్పుడు పైపు బిగించల్ల."

"చేతులకు ఏం తొడుక్కుంటావు?"

"రబ్బరు గ్లౌజులు."

"మొగానికి?"

అటునుంచి చిన్నాయన దగ్గాడు.

"మొగానికి ఏం పెట్టుకుంటావు, చెప్పు."

"మొగం మీద కప్పుకునే అద్దం ఇచ్చినారు. శానా ఉక్కపోస్తాదని..."

"పెట్టుకో. పెట్టుకోని ఫోన్ చెయ్. అంతవరకూ నేను ప్రార్థనకు కండ్లు మూసేది లేదు."

ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను మంచినీళ్ళిస్తే తాగలేదు. ఫోను మళ్ళీ మోగింది. అద్దం వెనకనుంచి కాబోలు, అతని గొంతు అణిగిపోయి వినిపించింది. "పెట్టుకున్న్యా. పోతాండా."

చిన్నమ్మ కొంగు తల మీదికి లాక్కుని మోకాళ్ళ మీద కూర్చుంది. నన్నూ పక్కకు రమ్మంది.

"ప్రభువా, నా మొగుడు ఇప్పుడు యాసిడ్డు పైపు బిగిస్తాండాడు."