మామగారి మోకాలు, నా నోరు

మా మామగారి మోకాలికి తెనాలిలో ఆపరేషన్ చేయించి, ఆయన్ని రేపల్లె పంపకుండా మా ఇంట్లోనే ఉంచుకున్నాం. ఆరు వారాల్లో ఆ మోకాలు లంబకోణం దాకా వంగాలని, లేకపోతే మళ్ళీ మత్తు ఇచ్చి వంచాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. రెండు వారాలు గడిచాయి. ఆయన మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి తప్ప కదల్లేదు. వాకర్ మీద తువ్వాలు ఆరేసుకునేవారు.

నాకది అంతుపట్టలేదు. రేపల్లె కాలువ మీద లస్కరుగా పనిచేసిన మనిషి. నీటి తలుపులు ఎత్తడానికీ దించడానికీ రోజూ మైళ్ళ కొద్దీ గట్టు వెంట నడిచినవారు. హాలు దాటి వరండాలోకి రావడం ఆయనకేమంత పని?

సరిగ్గా అప్పుడే నాకు బాపట్లలో రెండు రోజుల శిక్షణ పడింది. అక్కడి హైస్కూల్లో నేను లెక్కల మాస్టారిని. తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్ళొస్తాను. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన మనుషులు నాలుగు రకాలన్నాడు. మెప్పు కోసం చేసేవాళ్ళు, పోటీ కోసం చేసేవాళ్ళు, నలుగురితో పాటు చేసేవాళ్ళు, భయం కొద్దీ చేసేవాళ్ళు. ఎవరు ఏ రకమో కనిపెడితే కొండనైనా కదిలించవచ్చట. నాకు కొండ అక్కర్లేదు, మామగారు చాలు. తిరుగు రైల్లో నోటు పుస్తకంలో నాలుగు గడులు గీసుకున్నాను.

ముందు మెప్పు. మర్నాడు ఆయన కుర్చీలోంచి లేవగానే చప్పట్లు కొట్టాను. "శభాష్ మామయ్యగారూ!"

ఆయన సిగ్గుపడిపోయారు. "బాత్‌రూంకి వెళ్తున్నానండి" అన్నారు.

తర్వాత పోటీ. "వెనక వీధిలో ఒక పెద్దాయనకి ఇదే ఆపరేషన్ అయిందండి. మీకంటే పెద్ద. రోజూ మార్కెట్ దాకా నడిచి కూరలు తెచ్చుకుంటున్నారు."

"పాపం, తెచ్చిపెట్టేవాళ్ళు లేరేమోనండి" అన్నారు జాలిగా.

నలుగురితో పాటు అనే మూడో గడి కోసం మా స్కూలు మాస్టార్లను ఇద్దరిని నడకకు తోడు పిలిచాను. వాళ్ళు కాఫీ తాగి, కాలువల సంగతులు రెండు గంటలు విని, సోఫాల్లోంచి లేవకుండానే పొద్దు గూకించారు.

ఇక మిగిలింది భయం. ఇక్కడే నేను చేసిన తప్పు ఉంది. "మా స్కూలు దగ్గర ఒకాయన ఉన్నాడండి. ఇలాగే కూర్చుని కూర్చుని కాలు రోకలిలా బిగుసుకుపోయింది. ఇప్పుడు బస్సెక్కాలంటే ఇద్దరు ఎత్తాలి." అలాంటి మనిషెవరూ లేడు. అప్పటికప్పుడు పుట్టించాను.

"అలాగాండి" అన్నారు ఆయన. ఆ మధ్యాహ్నం కంచంలో రెండు ముద్దలు కెలికి లేచిపోయారు.

వంటింట్లో మా ఆవిడ నిలదీసింది. "ఏంటండీ, మా నాన్నకేం చెప్పారు?"

గర్వంగానే చెప్పాను. నోటు పుస్తకం కూడా చూపించాను. ఆమె నాలుగు గడులూ చదివింది.

"ఇందులో మీరెక్కడున్నారు?"

"నేనా? నేను కదిలించేవాణ్ణి."

"బీపీకి నడవమన్నారని బూట్లు కొనుక్కొచ్చారు. అవింకా అట్టపెట్టె దిగలేదు. ముందు వాటిని కదిలించండి."

గడులు మానేసి ఉపన్యాసానికి దిగాను. సాయంత్రం రైలు దిగి రాగానే సంకల్పబలం గురించి మొదలుపెట్టేవాణ్ణి. ఆశ్చర్యం! ఆయన "అవునండి, అవునండి" అంటూ వాకర్ అందుకుని లేచేవారు. మొదటి రోజు వంటింటి దాకా వెళ్ళారు. నాలుగు రోజులకు వరండాలోకి వచ్చారు. క్రమశిక్షణ అనే అంశానికి వచ్చేసరికి గేటు దాటారు. స్టాఫ్ రూంలో ఈ విజయం చెప్పుకోని రోజు లేదు.

ఒక ఆదివారం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, కిటికీ అవతల ఆయన రేపల్లెలోని పాత స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"మందా పాడా! మా అల్లుడుగారేరా మందు. నోరు తెరిస్తే ఆగరు. పిల్లనిచ్చినోళ్ళం, ఇక చాలించండి అని ఎట్టా అంటాం? లేచి అవతలికి పోవటమే. నిన్న సందు చివరిదాకా పోయా. ఇంకా వినపడతానే ఉంది."

తడి లుంగీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా నాన్న కూడా తన అల్లుడైన మా బావగారి ముందు పదేళ్ళు "అవునండి" తప్ప ఇంకో మాట అనలేదు. ఆ మాటకు అర్థం ఒప్పుకోవడం కాదని నాకు తెలిసుండాల్సింది. అయినా నా దాకా వచ్చేసరికి, నేను చెప్పింది ఆయన మనసుకు ఎక్కిందనుకున్నాను.

అలిగాను. మూడు రోజులు నోరు విప్పలేదు. మూడు రోజులూ ఆయన కుర్చీలోంచి లేవలేదు. మోకాలు మళ్ళీ బిగుసుకుంది.

"ఈ అలకేంటండీ?" అంది మా ఆవిడ. "వచ్చే గురువారం డాక్టరు దగ్గరికెళ్ళాలి. కాసేపు మాట్లాడండి."

"దేని గురించి?"

"ఏదో ఒకటి. ఆయనేమన్నా వింటారా?"

బుధవారం దాకా రోజూ మాట్లాడాను. విషయాలు అయిపోతే త్రికోణమితి చెప్పాను. ఆయన సందు చివరికి మూడుసార్లు వెళ్ళొచ్చారు. గురువారం మోకాలు లంబకోణం దాటి నాలుగు డిగ్రీలు ఎక్కువే వంగింది. మత్తు అక్కర్లేదు, రేపల్లె వెళ్ళిపోవచ్చన్నాడు డాక్టరు.

శనివారం ప్రయాణం. ఆయన వెళ్ళేలోగా, భయపెట్టడానికి చెప్పిన ఆ అబద్ధం ఒప్పుకోవాలనుకున్నాను. శుక్రవారం సాయంత్రం పక్కన కూర్చుని, "మామయ్యగారూ, మీతో ఒక్క మాట" అన్నాను.

అప్పటికే ఆయన లేచారు.

"కూర్చోండి, ఇది ఉపన్యాసం కాదండి!"

"అవునండి, అవునండి." గేటు దాటారు. నేను చెప్పులేసుకుని వెంటపడ్డాను. సందు చివర టీ బంకు బల్ల మీద ఆయన కూలబడితే గాని దొరకలేదు. టీ చెప్పి, ఆయాసపడుతూనే అంతా చెప్పేశాను. ఆ బిగుసుకుపోయిన కాలు మనిషి లేడనీ, ఆ రోజు ఆయన అన్నం తినకపోవడానికి నేనే కారణమనీ, తప్పయిందనీ.

ఆయన టీ ఊదుకున్నారు. "ఆ రోజు పప్పులో ఉప్పు లేదండి. అమ్మాయికి చెబితే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నా."

ఆ పప్పు నేనూ తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

తిరిగి ఇంటి వైపు నడిచాం. పది అడుగులు వేసి ఆయన ఆగి, వాకర్ మీద ఆనుకుని నా వైపు చూశారు.

"ఏంటండీ, మాట్లాడరు? ఇల్లు ఇంకా చాలా దూరం ఉంది."