అనుమానం గారి మీటర్లు

అనుమానం గారు అంకె చూపించే ఏ వస్తువునూ నమ్మేవారు కాదు. ఆయన అసలు పేరేమిటంటే మా వర్క్‌షాపులో అందరూ తడుముకునేవారు.

ఎలక్ట్రీషియన్లు ఇళ్ళ వైరింగు పరీక్షించే మీటర్లను సరిచూడటం మా పని. విలువ ముందే తెలిసిన రెసిస్టరు తగిలిస్తాం; మీటరు అదే అంకె చూపిస్తే తేదీ వేసి స్టిక్కరు అంటిస్తాం. నేను ఒకసారి చూసి అంటించేదాన్ని. పక్క బల్ల దగ్గర ఆయన మూడుసార్లు చూసి, వైర్లు మార్చి మళ్ళీ చూసి, అప్పటికీ పెదవి విరిచేవారు.

"సరిగ్గానే ఉంది కదండీ?"

"ఇవాళ ఉందమ్మా. ఇది అబద్ధం చెప్పిన రోజున ఎవరింట్లోనో కుళాయి షాక్ కొడుతుంది."

ఈ జబ్బు ఇంటిదాకా పాకింది. ఒకసారి వాళ్ళావిడ జ్వరం చూసుకుని నూటొకటి అంటే, ఈయన థర్మామీటరు లాక్కుని తన నోట్లో పెట్టుకున్నారట.

"జ్వరం నాకు కదండీ?"

"నాకూ నూటొకటే చూపిస్తే, జ్వరం దీనికన్నమాట."

బీపీ చూసిన డాక్టరునైతే, "మీ మిషన్ని ఆఖరుసారి ఎప్పుడు సరిచూపించారు?" అని నిలదీశారు. ఆ దెబ్బకి డాక్టరు బీపీ పెరిగి ఉంటుందని వాళ్ళావిడ అనేది.

మీటర్లను ఏడాదికోసారి చూపిస్తే చాలు. ఒక ముసలి ఎలక్ట్రీషియన్‌ని మాత్రం ఆయన నెలనెలా రప్పించేవారు. "మీ మీటరు మీద నాకు నమ్మకం కుదరట్లేదు, వచ్చే నెల మళ్ళీ తెండి" అనేవారు. పెద్దాయన గొణుక్కుంటూనే వచ్చేవాడు. ఆ పూటంతా ఇద్దరూ టీ తాగుతూ వాదించుకునేవారు. ముసలివాణ్ణి రెండు బస్సులు ఎక్కించి ఏడిపిస్తున్నారని నాకు ఒళ్ళు మండేది.

కిందటి నెల అనుమానం గారు గుండెపోటుతో పోయారు. పక్క బల్ల దగ్గర పెదవి విరిచేవారు లేక, నా అంకెల మీద నాకే నమ్మకం కుదరడం లేదు. ఒక్కో మీటరునీ రెండుసార్లు చూస్తున్నాను. చూశాక అలవాటుగా అటు తిరుగుతున్నాను.

ఆయన రిజిస్టరు తిరగేశాను. ఆరేళ్ళుగా ప్రతి నెలా ఆ పెద్దాయన మీటరు ఉంది. ఒక్కసారి కూడా వెంట్రుకవాసి తేడా లేదు. మొదటి తేదీ పక్కన పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: "భార్య పోయింది. ఇంట్లో ఒక్కడే."

ఈ నెలా పెద్దాయన మీటరు సంచితో వచ్చాడు. ఆయన పోయారనీ, ఈ మీటరులో ఏనాడూ తేడా లేదనీ ఉన్న సంగతి చెప్పేశాను.

"తెలుసమ్మా. నలభై ఏళ్ళుగా ఇదే పని, నా మీటరు సంగతి నాకు తెలియదా? అబద్ధమంటే గిట్టని మనిషి నా కోసం అంత అవస్థపడి అదే ఆడుతుంటే, పట్టుకోవడం బాగుండదని ఊరుకున్నాను."

అనుమానం గారి ఖాళీ కుర్చీ ఇటు లాగి పెద్దాయనను కూర్చోబెట్టాను.

"ఇవాళ ఏం వండుకున్నారు?" అన్నాను.

"వండాను. మాడింది."

నా అన్నం డబ్బా విప్పి సగం ఆయనకు పెట్టాను. కూరలో ఉప్పు తక్కువని పేచీ పెట్టి, మిగతా సగం కూడా తినేశాడు.