మార్కు పక్కన రాసిన కారణం

పోయిన ఆదివారం ఉదయం మా అత్తయ్య చనిపోయింది. చర్చికి వెళ్ళడానికి చీర కట్టుకుని, ముడి వేసుకోవడానికి కుర్చీలో కూర్చుని, అలాగే వెనక్కి వాలిపోయిందట. పక్కింటావిడ ఫోన్ చేసేసరికి నేను కాప్రాలో మా ఇంట్లో టీ పెట్టుకుంటున్నాను. స్టవ్ ఆపానో లేదో కూడా గుర్తులేదు. ఆటోలో తిరుమలగిరిలోని ఆవిడ ఇంటికి వెళ్తుంటే, ఈ కబురు ముందు అత్తయ్యకి చెప్పాలి అనిపించింది. మా ఇళ్ళలో చావైనా పెళ్ళైనా ముందు ఆవిడకే చెప్పడం అలవాటు.

మా నాన్నకి అక్క ఆవిడ. బాపట్ల నుంచి పెళ్ళై సికింద్రాబాద్ వచ్చింది. ఆడపిల్లల స్కూల్లో చాలా ఏళ్ళు సైన్సు చెప్పింది. మామయ్య మిలటరీ వర్క్‌షాపులో పనిచేసేవాడు. పిల్లలు లేరు. నాకు సికింద్రాబాద్‌లో ఉద్యోగం వచ్చాక పెళ్ళయ్యేదాకా ఆవిడ దగ్గరే ఉన్నాను. అప్పటికి మామయ్య లేడు. ఆయన విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి ప్రాణం పోసిన నల్లటి పాత కారు మాత్రం షెడ్డులో ఉండేది. ఆ కారు మూలపడకుండా అత్తయ్యే నడిపేది. పరలోక ప్రార్థన ఒకసారి పూర్తిగా చెప్పుకునేంతసేపు ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే గేరు వేసేది. "తొందరపెడితే మనుషులే పలకరు, ఇదెలా పలుకుతుంది?" అనేది.

చీర కొంగు నడుముకి దోపి బానెట్ కింద తల పెట్టే ఆవిణ్ణి చూసి, పాత కార్ల సంఘం వాళ్ళు తమ ప్రదర్శనకి జడ్జిగా రమ్మన్నారు. పిలిచింది కర్నల్ గారు. సంఘానికి పెద్ద, మామయ్యకి ప్రాణ స్నేహితుడు. అత్తయ్యని "చెల్లెమ్మా" అనేవారు. ప్రతి క్రిస్మస్‌కీ మా ఇంట్లో కేకు ఆయన కోస్తేనే కోసినట్టు.

ఆ ప్రదర్శన ఏటా చలికాలంలో జరిగేది. బెజవాడ నుంచీ వరంగల్ నుంచీ కూడా రాష్ట్రంలో ఉన్న పాత కార్లన్నీ లారీల మీద ఎక్కి వచ్చేవి. జడ్జీలు ఒక్కో కారు చుట్టూ తిరిగి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉందా లేదా చూసి మార్కులు వేసేవాళ్ళు. సాయంత్రం గెలిచినవాళ్ళ పేర్లు చదివేవారు. ఎవరికి ఎందుకు తగ్గిందో ఎవరికీ చెప్పరు. మార్కుల కాగితాలు సంఘం బీరువాలోకి పోయేవి. అది సంఘం నియమం.

అత్తయ్యకి ఆ పద్ధతి మొదటినుంచీ మింగుడుపడలేదు. స్కూల్లో ఆవిడ ఒక్క మార్కు తగ్గించినా పక్కనే ఎందుకో రాసేది. "టీచర్ మార్కు కొయ్యదే, ఉత్తరం రాస్తుంది" అని పిల్లలు నవ్వుకునేవారట. కార్లకీ అలాగే రాసేది. అవి చదివేవాళ్ళు లేరని తెలిసీ రాసేది.

నేనూ ఆవిడతో వెళ్ళిన ఒక ఏడు, బహుమతులు చదవడం అయిపోయాక ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల వ్యాపారం ఆయనది. వాళ్ళ నాయిన నడిపిన కారు బాగుచేయించి ఏటా తెచ్చేవాడు. ఏటా ఉత్త చేతులతో పోయేవాడు.

"మేడం, నా బండిల ఏం తక్కువున్నదో జెర చెప్పున్రి. వచ్చే ఏడు మంచిగ చేసుకొనొస్తా" అన్నాడు.

అత్తయ్య నోరు తెరిచేలోపే సంఘం మనిషి ఒకతను అడ్డొచ్చాడు. "జడ్జీలని అడగొద్దండీ. నిర్ణయం ఫైనల్."

కూరగాయలాయన పక్కనున్న భార్య వైపు తిరిగి, మాకు వినపడేలాగే అన్నాడు. "పా పోదాం. బంగ్లాలున్నోళ్లకే ఇస్తరు కప్పు. కూరగాయలమ్మెటోళ్లకు ఎవలిస్తరు?"

ఇంటికొచ్చాక అత్తయ్య షెడ్డులో కారు ఆపి, దిగకుండా కూర్చుంది.

"ఆయనకి తక్కువ వేసింది నేనేనే" అంది చివరికి. "సీట్లు మార్చేశాడు. వెనక సీటు మొత్తం కోసి వేరేది పెట్టాడు. ఎవరి కారైనా అంతే వేస్తాను. కానీ నేను నోరు మూసుకున్నందుకు, నేను వేసిన సరైన మార్కు ఆయనకి తిట్టులా తగిలింది."

ఆ వారమే కర్నల్ గారి వరండాలో కమిటీ కూర్చుంది. ఆవిడతో నేనూ వెళ్ళాను. మార్కుల కాగితాలు అందరికీ కనపడేలా బోర్డుకి పెట్టాలని అత్తయ్య అడిగింది. కర్నల్ గారు కోప్పడలేదు. అది నాకు బాగా గుర్తు. ఎంతో నిదానంగా చెప్పారు.

"చెల్లెమ్మా, మొదట్లో మేం పెట్టాం బోర్డుకి. ఒకతను తన దోస్తు కారుకి తక్కువ వేశాడు. నిజాయితీగానే వేశాడు. ఆ దోస్తు అది చదివి, మళ్ళీ జన్మలో ఆ ఇంటి గడప తొక్కలేదు. మార్కు వేసినవాడు పోతే చూడ్డానిక్కూడా రాలేదు. ఒక్క కాగితం వల్ల. ఆ రోజే నేను బీరువాకి తాళం వేశాను."

"వాళ్ళు విడిపోయింది కాగితం వల్ల కాదేమో అన్నయ్యా. ముందు నుంచీ మాట్లాడుకుని ఉంటే..."

"ఇది స్కూలు కాదమ్మా. వీళ్ళు పిల్లలు కాదు. అందరికీ కనపడుతుందంటే రేపు ఏ జడ్జీ తక్కువ వెయ్యడు. భయంతో అందరికీ మంచి మార్కులే వేస్తారు. అప్పుడు నీ నిజం ఏమవుతుంది?"

ఆయన మాటలో బరువు ఉందని అత్తయ్యకి తెలుసు. మిగతావాళ్ళు చేతులెత్తారు, బీరువాకే.

"సరే. మీ కాగితాలు మీ ఇష్టం" అంది లేస్తూ. "నేను రాసింది మాత్రం నేను చూపిస్తాను. ఎవరు అడిగితే వాళ్ళకి."

"అలాగైతే ఇక జడ్జీగా రాలేవు చెల్లెమ్మా."

"అలాగే అన్నయ్యా."

అంతే. అరుపులు లేవు. గేటు దాకా వచ్చి సాగనంపారు కూడా. అదే ఆఖరిసారి అవుతుందని మేమెవరమూ అనుకోలేదు.

మర్నాడు బోయిన్‌పల్లి వెళ్ళాం. మార్కెట్ వెనక వీధిలో కూరగాయలాయన ఇల్లు. అత్తయ్య తాను రాసిపెట్టుకున్న మార్కుల కాగితం నకలు ఆయన చేతికిచ్చింది. నిలబడే చదివాడు. వెనక సీటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. భార్య అందించిన మంచినీళ్ళు మాకిచ్చి, తానూ కూర్చున్నాడు.

"నాయినకు నడుం పడిపోయింది మేడం. కూసోరాకపోతుండె. దవాఖానకు తీస్కపోవాలంటె పండవెట్టాలె. గందుకే సీటు కోయించిన. పోయినంక ఎన్కటి లెక్క చేపిద్దామనుకున్న. చేతులు రాలే. గది తీసేస్తె నాయిన జాగ తీసేసినట్టుంటది."

అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇక మార్కు తప్పు వేశానంటుందేమో అనుకున్నాను. అనలేదు.

"ఈ సంగతి ముందే తెలిసినా నేను అంతే వేసేదాన్ని బాబూ. ఆ మార్కు కారుకి. మీ నాన్నగారికి కాదు. ఆ సీటు తియ్యకండి. కప్పు రాదు. రాకపోతే పోనీ."

ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు. "గీ ముక్క ముందే ఎవలన్న చెప్తె ఏమైతుండె మేడం? గిన్నేండ్ల సంది మమ్మల్ని తక్కువ చూస్తున్రనుకున్న. మస్తు తక్లీఫయింది లోపల."

ఆ తర్వాత కూడా ఆయన ఏటా కారు తీసుకెళ్ళాడు. సీటు మార్చలేదు, కప్పు రాలేదు. అప్పుడప్పుడు మా ఇంటికి లేత బెండకాయలు, చిక్కుడుకాయలు తెచ్చేవాడు. షెడ్డులో అత్తయ్యా ఆయనా కార్బురేటర్ ముందేసుకుని గంటలు గంటలు వాదించుకునేవారు.

సంఘం మళ్ళీ అత్తయ్యని పిలవలేదు. ప్రదర్శన జరిగే ఆదివారం చర్చి నుంచి నేరుగా ఇంటికి వచ్చి, మైదానం ఎటువైపు ఉందో తెలియనట్టు కూర్చునేది. క్రిస్మస్‌కి కర్నల్ గారు రాలేదు. అత్తయ్య కేకు నాతో పంపింది. వాళ్ళ పనిమనిషి లోపలికి తీసుకెళ్ళింది. తర్వాత డబ్బా శుభ్రంగా కడిగి తిరిగొచ్చింది, ఒక్క మాట లేకుండా. మరుసటి ఏడూ అంతే. ఆ పై ఏళ్ళూ అంతే.

ఒకసారి నాకు ఒళ్ళు మండింది. "ఎందుకత్తయ్యా ఇంకా పంపడం? అంత పంతమా ఆయనకి?"

కేకు మీద కాగితం మడత పెడుతూ అంది. "పంతం కాదే. దుఃఖం. మార్కులు చూపిస్తే స్నేహాలు పోతాయన్నాడు. పోయింది కదా. ఆయన మాట నిజమైంది. నా మాటా నిజమే. రెండూ నిజమైతే ఏం చేస్తాం?"

ఇన్నేళ్ళలో నేను ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూనే ఉన్నాను. సంఘం బీరువా ఇప్పటికీ తెరవలేదు. కొత్తగా వచ్చిన జడ్జీలు ఒకరిద్దరు మాత్రం ప్రదర్శన అయ్యాక కార్ల యజమానుల దగ్గరికి వెళ్ళి ఏది ఎందుకు తగ్గిందో నోటితో చెబుతున్నారని విన్నాను. వాళ్ళకి మా అత్తయ్య ఎవరో తెలియకపోవచ్చు. తెలిసినా ఆవిడ సంతోషంలో తేడా ఏమీ ఉండేది కాదు. ఆవిడకి కావలసింది ఆ ముక్క చెప్పడమే.

ఒక్కటి మాత్రం నాకు తెలుసు. ఆవిడ గెలవలేదు. గెలిచానని ఎప్పుడూ అనుకోలేదు కూడా. సరైన పని చేసిందనే నేను నమ్ముతాను. ఆ పనికి ఆవిడ పోగొట్టుకున్నది చిన్నది కాదనీ నాకు తెలుసు. ప్రతి డిసెంబర్‌లోనూ గేటు చప్పుడైనప్పుడల్లా వంటింట్లోంచి తొంగిచూసే ఆవిణ్ణి చూసినదాన్ని నేను.

సోమవారం సమాధి చేశాం. ఆవిడ స్కూల్లో చదివిన పిల్లలు, ఇప్పుడు వాళ్ళూ నడివయసు ఆడవాళ్ళే, చాలామంది వచ్చారు. బోయిన్‌పల్లి ఆయన పొద్దుటి నుంచీ మాతోనే ఉండి పెట్టె మోశాడు. పాస్టర్ గారు ప్రార్థన ముగిస్తుండగా కర్నల్ గారు వచ్చారు. బాగా వంగిపోయారు. కర్ర ఊనుకుంటూ మెల్లగా గుంట అంచు దాకా వచ్చి నిలబడ్డారు. అందరం తలా గుప్పెడు మట్టి వేస్తున్నాం. ఆయన వంగబోయారు, వంగలేకపోయారు.

బోయిన్‌పల్లి ఆయన చూసి, గబగబా వంగి మట్టి తీసి, ఆయన అరచేతిలో పోశాడు. "వెయ్యున్రి సారూ" అన్నాడు.

కర్నల్ గారు వెయ్యలేదు. అందరం గేటు దాకా వచ్చి వెనక్కి చూసేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. గుప్పిలి గట్టిగా బిగించి పట్టుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి మట్టి సన్నగా ఆయన బూట్ల మీద రాలుతోంది.